ఐడిల్ స్క్రూ జోలికి వెళ్లే ముందు

అందరికీ నమస్కారం. ఇవాళ మనం మాట్లాడుకునేది పాత పెట్రోలు కార్ల గురించి. అందులోనూ రెండే రెండు ఫిర్యాదులు. ఒకటి, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నిలకడగా తిరగదు. వణుకుతుంది, మధ్యమధ్యలో కాలడం తప్పి మిస్ కొడుతుంది, స్లోలో, అంటే యాక్సిలరేటర్ వదిలేసి తిరగనిచ్చే స్పీడులో, పెట్టగానే ఆగిపోతుంది. రెండోది, యాక్సిలరేటర్ తొక్కగానే బండి కదలదు. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఉండి, అప్పుడు ఒక్క కుదుపుతో లాగుతుంది. పికప్ లేదు అంటామే, అది.

ఈ రెండింటికీ మామూలుగా జరిగే వైద్యం ఏమిటి? స్లో నిలబడట్లేదు అనగానే స్క్రూడ్రైవర్ తీసుకుని ఐడిల్ స్క్రూ అర చుట్టు బిగిస్తారు. ఇంజన్ 800 నుంచి 1100 ఆర్‌పీఎంకు, అంటే నిమిషానికి అన్ని చుట్లకు, వెళుతుంది, వణుకు తగ్గినట్టు అనిపిస్తుంది. అయిపోయిందనుకుంటాం. అయిపోలేదండీ. దాక్కుంది. ఆ స్క్రూ చేసేది ఒకటే పని, ఇంజన్ గాలి దారిని మూసే థ్రాటిల్ పలకను కాస్త తెరిచి పెట్టడం. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో ఆ పలక అంచు దగ్గర సన్నటి రంధ్రాలు ఉంటాయి. స్లో నుంచి స్పీడుకు మారేటప్పుడు అందాల్సిన పెట్రోలు అక్కణ్నుంచి వస్తుంది. పలకను ముందే తెరిచేస్తే ఆ రంధ్రాలు ముందే బయటపడిపోతాయి. తీరా మీరు తొక్కినప్పుడు ఇవ్వడానికి అక్కడ ఏమీ మిగలదు. అంటే స్లో బాగుచేయబోయి పికప్ చెడగొట్టుకున్నాం. పైగా స్విచ్ ఆపినా ఇంజన్ రెండు మూడు తన్నులు తన్ని గానీ ఆగదు. కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండ్లలోనూ థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పితే సెన్సర్ లెక్క తప్పుతుంది. పలక మూసి ఉందో తెరిచి ఉందో కంప్యూటర్‌కు తెలియకుండా పోతుంది. అందుకే ఆ స్క్రూను చివరికి ఉంచుదాం. చివరిలో తప్పకుండా దాని దగ్గరికే వస్తాం.

ముందు ఒక ప్రశ్న. 3000 ఆర్‌పీఎంలో చక్కగా తిరిగే ఇంజన్ 800లో ఎందుకు వణుకుతుంది? స్లోలో ఇంజన్‌కు అందే గాలి చాలా తక్కువ, పలక పక్కన సన్నటి సందులోంచి వచ్చేదే. సిలిండర్‌లో కాలేది కొంచెం మిశ్రమం, దాంట్లో వెనకటి కాల్పుల పొగ కూడా కలిసి ఉంటుంది. అంటించడం కష్టం. అలాంటప్పుడు పగిలిన రబ్బరు గొట్టంలోంచి అదనంగా కాస్త గాలి దూరిందనుకోండి, వచ్చే మొత్తంలో అది పెద్ద వాటా అవుతుంది. అదే లీకు 3000లో లెక్కలోకి రాదు. కాబట్టి జబ్బు ఎప్పుడు కనిపిస్తోంది అన్నదే సగం రోగ నిర్ధారణ. స్లోలో మాత్రమే ఉండి, రేస్ చేస్తే పోతే గాలి లీకు వైపు చూడాలి. స్లోలో బాగుండి, బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడితే నిప్పు వేసే ప్లగ్గులు, వాటికి కరెంటు పంపే కాయిల్, పెట్రోలు సరఫరా వైపు చూడాలి. చల్లగా ఉన్నప్పుడే తడబడితే మిశ్రమాన్ని చిక్కబరిచే చోక్, టెంపరేచర్ సెన్సర్. వేడెక్కాకే మొదలైతే కాయిల్, లేదా వాల్వులను నెట్టే ట్యాపెట్లు బిగుతుగా ఉండటం. బానెట్ తెరవకముందే ఈ నాలుగూ అడగండి. రాసుకునేవాళ్లు ఇది రాసుకోండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

రెండో ప్రశ్న చెవితో అడగాలి. ఆ వణుకుకు తాళం ఉందా, లేదా? నాలుగు సిలిండర్ల ఇంజన్ 800లో తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు కాలుతుంది, సెకనుకు ఆరేడు సార్లు. ఒక సిలిండర్ చచ్చిపోతే సెకనుకు ఆరేడు దెబ్బల లెక్కన, తాళం తప్పకుండా దడ వస్తుంది. సైలెన్సర్ గొట్టం దగ్గర అరచేయి కాస్త దూరంగా పెట్టి చూడండి, ప్రతి నాలుగో ఊపు లోపించినట్టు తెలుస్తుంది. తాళం లేకుండా, ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా ఉంటే అది ఏ ఒక్క సిలిండర్‌దో కాదు, అందరికీ వెళ్లే మిశ్రమానిదో, గాలిదో. వణుకు ఉంది గానీ ఆర్‌పీఎం ముల్లు కదలడం లేదు, పొగ గొట్టం దగ్గర ఊపులు సమానంగానే ఉన్నాయి అంటే ఇంజన్‌ను వదిలేయండి, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూడండి. అవి కుంగిపోతే మంచి ఇంజన్ కూడా స్టీరింగ్‌ను ఆడిస్తుంది.

చచ్చిన సిలిండర్ ఏదో పట్టుకోవడం తేలిక. ఇంజన్ స్లోలో తిరుగుతుండగా ఒక్కో సిలిండర్‌ను ఆపి చూడటమే. బతికున్న దాన్ని ఆపితే ఆర్‌పీఎం పడుతుంది. చచ్చిన దాన్ని ఆపితే ఏమీ మారదు. ఇంజెక్షన్ బండిలో ఆ ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే చాలు, అదే మంచి పద్ధతి. ఆ పని చేస్తే ఆరుబయట చేయండి, మూసిన షెడ్డులో ఇంజన్ నడపకండి. ప్లగ్ వైర్ లాగాల్సి వస్తే ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో లాగండి. లాగిన వైరును గాల్లో వదలకండి. దానికి ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గును ఇంజన్ ఇనుముకు ఆనించండి. నిప్పు పోవడానికి దారి లేకపోతే కాయిల్ లోపల, ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌లో చీల్చుకుపోతుంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండ్లలో ఒక్కో సిలిండర్‌కు కొన్ని సెకన్లే. కాలని పెట్రోలు అందులోకి వెళితే అది ఎర్రగా కాగి పాడవుతుంది.

సరే, ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? కార్బురేటర్ విప్పాలని చేతులు లాగుతుంటాయి. వద్దు. కార్బురేటర్ జబ్బు అనుకున్న వాటిలో చాలా మటుకు కరెంటు జబ్బులే. ముందు నిప్పు చూడండి.

నాలుగు ప్లగ్గులూ విప్పి వరసలో పెట్టండి, ఏది ఏ సిలిండర్‌దో కలిసిపోకుండా. లేత గోధుమ రంగు ఉంటే బాగుంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తడి నూనె నలుపు ఉంటే ఇంజన్ ఆయిల్ పైకొస్తోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, లేదా ఆ ప్లగ్గు వేడి ఎక్కువవుతోంది. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే జబ్బు కార్బురేటర్‌లోనో సెన్సర్‌లోనో. మూడు బాగుండి ఒకటి తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌లో. ఈ పోలిక చాలా విలువైనది, విప్పగానే బ్రష్‌తో తుడిచేసి ఆ సాక్ష్యం పోగొట్టుకోకండి. ప్లగ్గు కొనల మధ్య సందును, అంటే గ్యాప్‌ను, ఫీలర్ గేజ్‌తో కొలవండి. కాయిల్ కరెంటును చిన్న స్విచ్‌లా తెంచే పాయింట్ల బండ్లకు సాధారణంగా 0.6 నుంచి 0.8 మి.మీ., ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు 1.1 దాకా ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఉన్న అంకెదే చివరి మాట. గ్యాప్ అరిగి పెరిగితే స్లోలో ఏమీ తెలియకపోవచ్చు. కానీ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడిలో నిప్పు దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి, అప్పుడు చేతులెత్తేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే మిస్ కొట్టడం అక్కణ్నుంచే.

తర్వాత వైర్లు, నిప్పును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత, దాని కింద తిరిగే రోటర్. మూత లోపల వెంట్రుకంత సన్నటి నల్ల గీత కనిపిస్తే అది మురికి అనుకోకండి. నిప్పు తన దారి తాను వేసుకున్న గుర్తు. తుడిస్తే పోదు, మూత మార్చాల్సిందే. మధ్యలో ఉండే బొగ్గు ముక్క, దాని స్ప్రింగు ఉన్నాయో లేదో చూడండి. చీకటి పడ్డాక ఇంజన్ నడుస్తుండగా వైర్ల మీద సన్నగా నీటి తుంపర కొట్టి చూడండి. నీలంగా చిటపటలాడిన చోటే లీకు. చేత్తో ముట్టుకోకండి.

పాయింట్లు ఉన్న బండి అయితే పాయింట్ గ్యాప్ సుమారు 0.4 మి.మీ. ఇక్కడ ఒక మాట మళ్లీ చెబుతాను, రెండుసార్లు చెప్పినా తప్పులేదు. ముందు గ్యాప్, తర్వాత టైమింగ్. ముందు గ్యాప్, తర్వాత టైమింగ్. ఎందుకు? టైమింగ్ అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణం. పాయింట్ మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే పాయింటు ఆలస్యంగా తెరుచుకుంటుంది, టైమింగ్ వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన టైమింగ్‌తో ఇంజన్ స్లోలో బద్ధకిస్తుంది, పికప్‌లోనూ బద్ధకిస్తుంది. టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకుంటే మళ్లీ మొదటికొస్తారు.

టైమింగ్ లైట్ పట్టేటప్పుడు, పుస్తకం అలా చెబితే, ఇంజన్ పీల్పుతో టైమింగ్‌ను ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి దాని నోరు మూయండి. స్లోలో గుర్తు కుదిరాక అక్కడితో ఆపకండి. మెల్లగా రేస్ చేయండి, గుర్తు నిదానంగా ముందుకు జరగాలి. జరగలేదంటే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు తుప్పుతో బిగుసుకున్నాయి. వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా గొట్టాన్ని నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టుకోండి. పట్టు నిలవాలి. గాలి వదులుగా వచ్చేస్తే డయాఫ్రమ్ చిరిగింది. చిరిగితే రెండు నష్టాలు. సగం తొక్కినప్పుడు అడ్వాన్స్ రాదు, ఆ చిరుగులోంచి గాలి కూడా దూరుతుంది. మన రెండు ఫిర్యాదులూ ఒకే చిరుగులోంచి రావచ్చు.

ఇక గాలి. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎక్కువ పాత బండ్లు పడిపోయేది ఇక్కడే. రబ్బరుకు వయసు వస్తుంది, గట్టిపడుతుంది, వంపు దగ్గర కింది వైపు పగులుతుంది. పైనుంచి చూస్తే కనిపించదు, వంచి చూడాలి. బ్రేక్ బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేస్ గాలి తీసే పీసీవీ గొట్టం, కార్బురేటర్ కింది గ్యాస్కెట్, సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ల అడుగున ఉండే ఓ రింగులు, థ్రాటిల్ కడ్డీ అరిగిన బుష్షులు. వరసగా ఇవే చూడండి.

ఇంజన్ నాడి పట్టి చూసే పనిముట్టు ఒకటుంది, వాక్యూమ్ గేజ్. మ్యానిఫోల్డ్‌కు తగిలించి స్లోలో చదవండి. సముద్ర మట్టం దగ్గర బాగున్న ఇంజన్ 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ముల్లు కదలకుండా నిలబడాలి. ఎత్తైన ప్రాంతంలో ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు ఒక అంగుళం తగ్గించి చదువుకోండి. ముల్లు నిలకడగానే ఉంది కానీ తక్కువ చూపిస్తోంది అంటే టైమింగ్ వెనక ఉంది, లేదా గాలి లాగుతోంది. తాళం తప్పకుండా ఒక్కో ఊపు కిందికి కొట్టుకుంటుంటే ఒక వాల్వు కాలిపోయి ఉండవచ్చు. నిదానంగా అటూ ఇటూ తేలుతుంటే మిశ్రమం సరిగా లేదు. 2500 దగ్గర నిలకడగా పట్టుకుంటే ముల్లు ఆగకుండా కిందికి జారుతూ పోతుంటే పొగ గొట్టం ఎక్కడో మూసుకుపోయింది, కన్వర్టర్ అయినా కావచ్చు, సైలెన్సర్ అయినా కావచ్చు. ఒక్క గేజ్ ఇన్ని చెబుతుంటే ఊహతో సామాన్లు మార్చడం ఎందుకండీ?

లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి చాలామంది కార్బురేటర్ క్లీనర్ కొడతారు. వేడి ఎగ్జాస్ట్ పక్కనే మ్యానిఫోల్డ్ ఉంటుంది, అంటుకుంటే బండి పోతుంది. చేతి పంపుతో మామూలు నీరు తుంపరగా అతుకుల మీద కొట్టండి. లీకున్న చోట నీరు ఒక్క క్షణం సందును మూస్తుంది, ఇంజన్ శబ్దం మారుతుంది. గొట్టాలకు ఇంకా తేలిక, గుడ్డ చుట్టి పట్టకారుతో ఒక్కొక్కటే నొక్కండి. బూస్టర్ గొట్టం నొక్కగానే స్లో కుదురుకుంటే లీకు దాని అవతల, బూస్టర్‌లో ఉంది. పరీక్ష అవ్వగానే పట్టకారు తీసేయండి, బ్రేకు బలం ఆ గొట్టం మీదే ఉంటుంది. అన్ని గొట్టాలూ బాగున్నా దొరక్కపోతే పొగ పెట్టి చూసే యంత్రం ఉన్న చోటికి తీసుకెళ్లండి, దాన్ని మించిన పరీక్ష లేదు.

కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఉన్న బండ్లలో ఒక మోసం జరుగుతుంది. మసి పట్టి ఆ వాల్వు కొంచెం తెరుచుకుని ఆగిపోతే స్లో వణుకుతుంది, రేస్ చేస్తే పోతుంది. అచ్చం గాలి లీకులాగే ఉంటుంది. కానీ లోపలికి వచ్చేది గాలి కాదు, కాలిన పొగ. అందుకే గొట్టాలన్నీ వెతికినా ఏమీ దొరకదు. వాల్వు దారిని తాత్కాలికంగా పలుచని రేకుతో మూసి చూడండి. స్లో కుదిరితే దాన్ని విప్పి మసి తీసి, రేకు తీసేసి బిగించండి.

బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలే బండి ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. కోడ్ ఒక్కటే చదివి ఆపకండి. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్, పి0300 అంటే ఒక సిలిండర్ అని చెప్పలేని మిస్, అంతవరకే అది చెప్పేది. కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడండి. సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపు హాయి, 10 దాటితే వెతకాలి. స్లోలో ప్లస్ 20 ఉండి, 2500లో ప్లస్ 3కు దిగిపోయిందనుకోండి, అది గాలి లీకు. స్లోలో బాగుండి లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోలు చాలట్లేదు, లేదా గాలి కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికి పట్టి తక్కువ చెబుతోంది. ఆ సెన్సర్‌ను దానికంటూ ఉన్న స్ప్రేతోనే కడగాలి, లోపలి తీగను వేలితోగానీ గుడ్డతోగానీ తాకకూడదు. మ్యానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడిచే బండ్లలో తీరు వేరు. కంప్యూటర్ ఒత్తిడిని చూసి పెట్రోలు పోస్తుంది కాబట్టి లీకైతే వణుకు కంటే ముందు స్లో పెరిగిపోతుంది. స్లో తానంతట తాను ఎక్కువైంది అంటే అక్కడా గాలినే అనుమానించండి.

టెంపరేచర్ సెన్సర్ చిన్నది, చేసే అల్లరి పెద్దది. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓంలు, 80 డిగ్రీల దగ్గర దాదాపు 300 ఓంలు చూపిస్తుంది. వేడి ఇంజన్‌ను చల్లగా ఉందని చెబితే పెట్రోలు ఎక్కువై నల్ల పొగ. చల్లని ఇంజన్‌ను వేడిగా ఉందని చెబితే పొద్దున్నే తడబాటు. మల్టీమీటర్‌తో రెండు నిమిషాల పని.

ఇప్పుడు అసలు తడబాటు. తొక్కగానే ఎందుకు ఆగుతుంది? గాలి తేలిక, పెట్రోలు బరువు. పలక తెరవగానే గాలి దూసుకొస్తుంది, పెట్రోలు వెనకబడుతుంది. పైగా మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి మారి కొంత పెట్రోలు ఆవిరి గోడలకు తడిగా అంటుకుంటుంది. ఆ క్షణం లోటు పూడ్చడానికే కార్బురేటర్‌లో యాక్సిలరేటర్ పంపు ఉంది. పరీక్ష ఇంత కంటే తేలిక ఉండదు. ఇంజన్ ఆపండి, ఎయిర్ ఫిల్టర్ తీయండి, పై నుంచి లోపలికి చూస్తూ చేత్తో థ్రాటిల్ లాగండి. లాగిన మరుక్షణం సూదిలాంటి ధార గట్టిగా పడాలి. కాస్త ఆగి పడినా, కారినట్టు పడినా, పడకపోయినా జబ్బు దొరికింది. నెలల తరబడి కదలని బండ్లలో పంపు డయాఫ్రమ్ ఎండిపోతుంది, లేదా లోపలి చిన్న గోళీ ఇరుక్కుపోతుంది. ఎస్‌యూ రకం కార్బురేటర్‌కు పంపు ఉండదు. పైన డాష్‌పాట్‌లో నూనె ఉంటుంది. నూనె అయిపోతే కార్బురేటర్ లోపలి పిస్టన్ ఒక్కసారిగా పైకి లేచి మిశ్రమం పలుచబడుతుంది, అదే తడబాటు. మూత తిప్పి నూనె పోస్తే పోయే జబ్బుకు కార్బురేటర్ మొత్తం విప్పినవాళ్లున్నారు!

ఇంజెక్షన్‌లో ఆ పని థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ది. పలక మూసి ఉన్నప్పుడు సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగు నాలుగున్నర. మీటర్ పెట్టి మెల్లగా, చాలా మెల్లగా తెరవండి. వోల్టేజి మెట్టు లేకుండా ఎక్కాలి. స్లోకు కాస్త పైన, ఎక్కువగా వాడిన చోట అరిగి ఉంటుంది, అక్కడే అంకె గెంతుతుంది. ముల్లు ఉన్న పాత మీటర్ అయితే ఆ గెంతు ఇంకా స్పష్టం.

తొక్కగానే బాగుండి, తొక్కి పట్టుకుంటే నీరసపడుతుంటే మాత్రం యాక్సిలరేటర్ పంపు గోల కాదు, సరఫరా గోల. ఫిల్టరు, ట్యాంకులోని జల్లెడ, పెట్రోలు పంపు. కార్బురేటర్ మెకానికల్ పంపు 0.2 నుంచి 0.4 బార్ ఇస్తే చాలు, చాలా మటుకు ఇంజెక్షన్ బండ్లకు 2.5 నుంచి 3.5 బార్ కావాలి. ప్రెషర్ రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం పీకి చూడండి, అందులో పెట్రోలు తడి ఉంటే దాని డయాఫ్రమ్ పోయింది. అరగంట బాగా నడిచి ఆగిపోతోందా? ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి లాక్కుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. కార్బురేటర్ స్లో జెట్ మూసుకుంటే గాలితో ఊది శుభ్రం చేయండి, తీగ పెట్టి పొడవకండి. ఇత్తడి రంధ్రం పెద్దదైతే మళ్లీ చిన్నది కాదు.

ఇవన్నీ బాగున్నా ఒక సిలిండర్ మొండికేస్తే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కితే పుట్టే ఒత్తిడి, చూడాలి. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీయాలి, ఇగ్నిషన్, పెట్రోలు ఆపాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి, బ్యాటరీ నిండా ఉండాలి. థ్రాటిల్ తెరవడం మరిచిపోతే అన్ని సిలిండర్లూ తక్కువ చూపించి లేనిపోని భయం పెడతాయి. 9 నుంచి 12 బార్ మామూలు. అంకె కంటే తేడా ముఖ్యం, సిలిండర్ల మధ్య 10, 15 శాతం దాటకూడదు. తగ్గిన దాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క రెండు సిలిండర్లు కలిసి తగ్గితే మధ్యలో హెడ్ గ్యాస్కెట్ ఊదేసింది. వాల్వు అనగానే హెడ్ దింపకండి, ముందు ట్యాపెట్ క్లియరెన్స్ కొలవండి. చేత్తో సర్దే ట్యాపెట్లు కాస్త టకటకమంటే మంచిదే. అసలు చప్పుడే లేకపోతే బిగుసుకున్నాయేమోనని అనుమానించండి. వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక స్లో పోతుంది, అలాగే నడిపితే వాల్వు కాలిపోతుంది.

ఇప్పుడు తీసుకోండి స్క్రూడ్రైవర్. ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, చోక్ తెరుచుకోవాలి, లైట్లు, ఏసీ ఆపాలి, ఎయిర్ ఫిల్టర్ బిగించి ఉండాలి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగాక చూడాలి. కార్బురేటర్ బండిలో స్లోకు పెట్రోలు పాలు సర్దే మిశ్రమం స్క్రూను మెల్లగా చివరిదాకా మూయండి, బిగించకండి, కొన దెబ్బతింటుంది. అక్కణ్నుంచి చుట్టున్నర వెనక్కి తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయండి. పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆర్‌పీఎం ఎక్కడ ఎక్కువగా ఉందో పట్టుకోండి. ప్రతి మార్పుకూ పది సెకన్లు ఆగండి, ఇంజన్ బదులు చెప్పడానికి ఆ సమయం కావాలి. తర్వాత ఐడిల్ స్క్రూతో పుస్తకం చెప్పిన స్పీడుకు, ఎక్కువ బండ్లలో 700 నుంచి 900 మధ్య, దించండి. రెండు స్క్రూలూ ఒకదాన్నొకటి కదిలిస్తాయి, కాబట్టి ఈ వరస రెండుసార్లు చేయాలి. ఇంజెక్షన్ బండి అయితే స్టాప్ స్క్రూ ముట్టుకోకుండా థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు దారి కడగండి. కడిగాక కాసేపు స్లో ఎగుడుదిగుడుగా ఉంటుంది. కంప్యూటర్ మురికికి అలవాటు పడ్డ లెక్క మార్చుకోవాలి, ఏ లోడూ లేకుండా కొన్ని నిమిషాలు నడవనివ్వండి.

అయ్యాక పది పదిహేను కిలోమీటర్లు తిప్పి తెచ్చి, ఆపి, మళ్లీ స్లో చూడండి. స్విచ్ తిప్పగానే ఇంజన్ అక్కడికక్కడే ఆగాలి. ఇంకా రెండు తన్నులు తన్ని ఆగుతోందా, లేక స్లో దించుదామంటే స్క్రూ చివరికొచ్చినా 1000 కిందికి దిగట్లేదా? అయితే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, నీళ్ల తుంపర పట్టుకుని మళ్లీ మ్యానిఫోల్డ్ దగ్గరికి వెళ్లండి. గాలి ఇంకా ఎక్కడో దూరుతోంది.